మెత్తని మేపుల్ కుకీ, ఆరిన ఐసింగ్: ఒకే తేమతో రెండు లెక్కలు

పిల్లలు కెనడాకో అమెరికాకో వెళ్లిన ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చే వస్తువుల్లో మేపుల్ సిరప్, అంటే మేపుల్ చెట్టు రసాన్ని మరిగించి చేసిన తీపి పాకం, సీసా ఒకటి. అట్ల మీద వేసుకుని ఒకటి రెండు సార్లు రుచి చూశాక ఆ సీసా ఫ్రిజ్ తలుపులో నెలల తరబడి ఉండిపోతుంది. దాన్ని ఖర్చు చేయడానికి మంచి దారి, పైన ఐసింగ్, అంటే పంచదార పూత, పూసిన మెత్తని మేపుల్ కుకీలు. అయితే చలిదేశపు వంటింటిని దృష్టిలో పెట్టుకుని రాసిన కొలతలను శ్రావణమాసంలో కళింగపట్నం తీరాన ఉన్న ఇంట్లో యథాతథంగా పాటిస్తే, పిండి పళ్లెంలో పలచగా పరుచుకుపోతుంది; ఐసింగ్ మర్నాటికి కూడా వేలికి అంటుకుంటూనే ఉంటుంది. ఆ తప్పును సాధారణంగా ఒవెన్ మీదనో, చేసినవారి చేతి మీదనో వేస్తారు. ఎక్కువసార్లు అసలు కారణం వంటింటి వేడి, గాలిలోని తేమ.

ఈ వంటకంలోని చిక్కు ఒక్కటే. కుకీ మెత్తగా ఉండాలంటే అది తనలోని నీటిని వదలకూడదు. దాని మీద పూసిన ఐసింగ్ గట్టిపడాలంటే తనలోని నీటిని వదిలెయ్యాలి. ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉన్న రెండు పొరలకు పరస్పరం విరుద్ధమైన అవసరాలున్నాయి. ఏ పొరలో ఏ రకం చక్కెర వాడామన్నదాన్ని బట్టి ఈ రెండు అవసరాలూ తీరతాయి, లేదా రెండూ చెడతాయి. అందువల్ల కొలతల కన్నా ముందు చక్కెరల స్వభావం తెలుసుకోవడం మేలు.

మేపుల్ సిరప్‌తోనే మొదలుపెడదాం. చలికాలం వెళ్లిపోయే రోజుల్లో, రాత్రి నీరు గడ్డకట్టేంత చలి, పగలు మంచు కరిగేంత వెచ్చదనం ఉన్నప్పుడు, షుగర్ మేపుల్ చెట్టు కాండానికి చిన్న రంధ్రం చేసి రసం పడతారు. ఆ రసంలో చక్కెర 2 నుంచి 3 శాతం మాత్రమే ఉంటుంది. సుమారు 40 లీటర్ల రసాన్ని మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. సముద్రమట్టం దగ్గర అది 104 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు దానిలో చక్కెర దాదాపు 66 శాతానికి వచ్చినట్లు లెక్క, అక్కడ ఆపేస్తారు. ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో అధిక భాగం కెనడాలోని క్విబెక్ రాష్ట్రానిదే.

చెట్టు రసాన్ని మరిగించి తీపి తయారుచేయడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. తాటి నీరాలో చక్కెర 10 శాతానికి పైగానే ఉంటుంది కనుక తాటి బెల్లానికి అంత మరిగింపు అక్కరలేదు. పైగా మేపుల్ రసాన్ని చలి కొంతవరకు కాపాడుతుంది, నీరా మాత్రం మన వేడికి కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. అలా పులియకుండా ఉండడానికే నీరా పట్టే కుండ లోపల సున్నం పూస్తారు. ఈ సున్నం సంగతి కుకీలో సోడా దగ్గర మళ్లీ అవసరపడుతుంది. రెండింటిలోనూ రంగు, వాసన రసంలో నేరుగా ఉండవు. మరిగే కొద్దీ ఏర్పడతాయి. సిరప్ ఎంత ముదురు రంగులో ఉంటే రుచి అంత గాఢంగా ఉంటుంది. అమెరికాలో 2015 నుంచి అమలులో ఉన్న వర్గీకరణ ప్రకారం సీసా మీద గోల్డెన్, అంబర్, డార్క్, వెరీ డార్క్ అన్న మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. మైదా, వెన్నల మధ్య లేత రకం రుచి తేలదు కనుక కుకీలకు డార్క్ గానీ వెరీ డార్క్ గానీ తీసుకోవాలి. గోల్డెన్ రకాన్ని కుకీలో పొయ్యడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

సీసా కొనేటప్పుడు వెనక ఉన్న పదార్థాల వివరం చదవడం తప్పనిసరి. అసలైన సిరప్‌లో ఒకే పదార్థం ఉంటుంది. ‘మేపుల్ ఫ్లేవర్డ్’ అనో ‘పాన్‌కేక్ సిరప్’ అనో రాసి ఉన్నవి చాలావరకు మొక్కజొన్న సిరప్‌కు రంగు, వాసన కలిపినవి. ఇక్కడ మన వంటింటికి దగ్గరగా ఉండే విశేషం ఒకటుంది. ఆ కృత్రిమ మేపుల్ వాసన తయారీలో ఎంతోకాలంగా వాడుతున్నది మెంతుల సారం. మెంతుల్లో సొటోలాన్ అనే సుగంధ పదార్థం ఉంది. గాఢత ఎక్కువైతే అది మెంతి వాసనగా, కూరపొడి వాసనగా తోస్తుంది. చాలా స్వల్పంగా ఉన్నప్పుడు మాడీమాడని చక్కెర వాసనగా, మేపుల్ వాసనగా అనిపిస్తుంది. న్యూయార్క్ నగరంలో 2005 నుంచి అప్పుడప్పుడు వీధులన్నీ మేపుల్ సిరప్ వాసన కొట్టడం ప్రజలకు అంతుపట్టలేదు. ఆ వాసన పొరుగునే ఉన్న న్యూజెర్సీలో మెంతులను శుద్ధిచేసే కర్మాగారం నుంచి గాలికి కొట్టుకొస్తున్నదని 2009లో నగర మేయర్ ప్రకటించారు. సిరప్ దొరకని ఇంట్లో మేపుల్ వాసన ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు జవాబు పోపుల పెట్టెలోనే ఉందన్నమాట.

ఇక మెత్తదనం. కుకీ పిండిలో నీరు తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువ. కాబట్టి రొట్టెలో లాగా పిండి ఉడికి స్పంజులా తయారవడం ఇందులో పెద్దగా జరగదు. వేడిగా ఉన్నప్పుడు ఏ కుకీ అయినా మెత్తగానే ఉంటుంది. చల్లారిన తరువాత గట్టిపడుతుందా లేదా అన్నదే ప్రశ్న. పంచదార, అంటే సుక్రోజ్, చల్లారగానే మళ్లీ స్ఫటికాలుగా మారాలని చూస్తుంది. అలా మారిన చోట కుకీ కరకరలాడుతుంది. సుక్రోజ్ విడిపోతే వచ్చే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఆ స్ఫటికీకరణకు అడ్డుపడతాయి, నీటిని పట్టుకుని ఉంచుతాయి. ఈ తేడాను అంకెల్లో చూడవచ్చు. 25 డిగ్రీల దగ్గర గాలిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడిలో గాలి పట్టగల తేమలో నిజంగా ఉన్న వంతు, సుమారు 85 శాతం దాటితే గానీ పంచదార గాలి నుంచి నీరు పీల్చి కరగడం మొదలుపెట్టదు. ఫ్రక్టోజ్‌కు 62 శాతం దాటితే చాలు. బెల్లంలో ఈ విడిపోయిన చక్కెరలు సాధారణంగా 10 నుంచి 15 శాతం వరకు ఉంటాయి. వానాకాలంలో పంచదార డబ్బా కాస్త ముద్దకట్టి ఊరుకుంటే, పక్కనే ఉన్న బెల్లం అచ్చు నీరు కారడానికి కారణం ఇదే.

ఈ లెక్క ప్రకారం చూస్తే చాలామంది నమ్మకానికి విరుద్ధమైన సంగతి ఒకటి బయటపడుతుంది. మేపుల్ కుకీ మెత్తగా ఉండడానికి కారణం మేపుల్ సిరప్ అనుకుంటారు. కానీ సిరప్‌లోని చక్కెరలో అత్యధిక భాగం సుక్రోజే. అది తెచ్చేది ప్రధానంగా వాసన, మూడో వంతు నీరు. మెత్తదనం ఎక్కువగా బ్రౌన్ షుగర్ వల్ల, తక్కువ సేపు కాల్చడం వల్ల వస్తుంది. బ్రౌన్ షుగర్ అంటే పంచదారకు తిరిగి మొలాసిస్‌ను, అంటే చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే ముదురు పాకాన్ని, కలిపినదే. లేత రకంలో అది సుమారు 3.5 శాతం, ముదురు రకంలో 6.5 శాతం ఉంటుంది. మొలాసిస్‌లో విడిపోయిన చక్కెరలతో పాటు కొంచెం ఆమ్లత్వం కూడా ఉంటుంది కనుక సోడాను అది పని చేయిస్తుంది. ఇంకా మెత్తగా కావాలనుకుంటే ఒక చెంచా తేనె కలపవచ్చు. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరికే తేనె ఇందుకు బాగా సరిపోతుంది.

కొలతలు ఇలా పెట్టుకోవచ్చు: మైదా 280 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ రెండు టీ చెంచాలు, ముప్పావు టీ చెంచా తినే సోడా, ఉప్పు లేని బటర్ 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 120 గ్రాములు, మేపుల్ సిరప్ 80 మిల్లీలీటర్లు, ఒక గుడ్డు, ఒక టీ చెంచా వెనీలా ఎసెన్స్, పావు టీ చెంచా ఉప్పు. ఉప్పు కలిసిన బటర్ వాడితే విడిగా ఉప్పు వేయనక్కరలేదు. కప్పులతో కొలవడం కన్నా చిన్న తూకం యంత్రంతో తూచుకోవడం మంచిది. నొక్కి నింపిన కప్పు మైదాకూ, వదులుగా పోసిన కప్పు మైదాకూ ఉండే తేడా ఒక్కటే కుకీని ఎండబెట్టడానికి చాలు.

బటర్ విషయంలో మన వాతావరణం మొదటి ఆటంకం. పంచదారతో కలిపి గిలకొట్టినప్పుడు వెన్న తనలో గాలి బుడగలను పట్టుకోవాలి. అందుకు అది 18 నుంచి 20 డిగ్రీల దగ్గర, వేలితో నొక్కితే దిగబడేంత మెత్తగా, కానీ కరగకుండా ఉండాలి. 35 డిగ్రీలకు వచ్చేసరికి అది పూర్తిగా కరిగిపోతుంది. చలిదేశాల వంటల్లో ‘గది ఉష్ణోగ్రతలో ఉంచిన వెన్న’ అని రాస్తారు. ఆ గది మన వైశాఖమాసపు గది కాదు. విజయనగరంలో పుష్యమాసపు తెల్లవారుజామున అయితే ఆ మాట చక్కగా సరిపోతుంది. వేసవిలో ఫ్రిజ్ నుంచి తీసిన బటర్‌ను ముక్కలుగా కోసి, పది నిమిషాల్లోపే గిలకొట్టడం ప్రారంభించాలి. కలిపిన పిండిని ఉండలు చేసి, కనీసం ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచాకే ఒవెన్‌లో పెట్టాలి. ఆ గంటలో కొవ్వు గట్టిపడుతుంది, మైదా నీటిని పీల్చుకుంటుంది. కుకీ పరుచుకోకుండా ఎత్తుగా నిలవడానికి ఈ రెండూ అవసరం.

బటర్ బదులు నెయ్యి వెయ్యవచ్చా అని మన ఇళ్లలో తప్పక అడుగుతారు. బటర్‌లో కొవ్వు 80 శాతానికి తక్కువ కాకుండా ఉంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు. నెయ్యిలో నీరు ఉండదు. నెయ్యి వేసినది నాన్‌ఖటాయీ వైపు జరిగి, నోట్లో పొడిపొడిగా రాలుతుంది. అది మంచి రుచే, కానీ మనం వెతుకుతున్నది అది కాదు. తప్పనిసరైతే 115 గ్రాముల బటర్‌కు 92 గ్రాముల గడ్డ నెయ్యి, ఒకటిన్నర పెద్ద చెంచా పాలు వేసుకోవాలి. ఇంట్లో చిలికిన వెన్నతో ఇంకో ఇబ్బంది ఉంది: దానిలో నీటి పాలు ఒక్కో రోజు ఒక్కో విధంగా ఉంటుంది.

కార్తీకమాసంలో గుడ్డు ముట్టని ఇళ్లలో, మూడు పెద్ద చెంచాల కమ్మని పెరుగును పలుచని గుడ్డలో కాసేపు వేలాడదీసి, నీరు వడిసిన తరువాత వాడితే సరిపోతుంది. గుడ్డుసొనలో నీటినీ కొవ్వునూ కలిపి ఉంచే గుణం ఉంది, పెరుగులో అది తక్కువ; కాబట్టి పిండి కలిపేటప్పుడు కొంచెం విరిగినట్లు కనిపిస్తుంది. మైదా పడగానే అది సర్దుకుంటుంది.

బటర్, బ్రౌన్ షుగర్ రెండు మూడు నిమిషాలు గిలకొట్టి, గుడ్డు, సిరప్, వెనీలా కలిపి, చివరగా జల్లించిన పొడి పదార్థాలు వేసి, మైదా తెల్లగా కనిపించడం ఆగేవరకే కలపాలి. అంతకు మించి కలిపితే మైదాలోని గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు గట్టిపడి కుకీ బిరుసెక్కుతుంది. 35 గ్రాముల ఉండలు చేస్తే పద్దెనిమిది, పంతొమ్మిది వస్తాయి. ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఒవెన్‌ను, 175 డిగ్రీలకు ముందుగా వేడి చేసి, పైనా కిందా రాడ్లు రెండూ వెలిగేటట్లు పెట్టి, నడుమ అరలో 9 నుంచి 11 నిమిషాలు కాల్చాలి. అంచులు గట్టిపడి, మధ్యభాగం ఇంకా పచ్చిగా ఉన్నట్లు కనిపిస్తున్నప్పుడే బయటికి తీసేయడం ఇందులో అతి ముఖ్యమైన పని. కొత్తవారు సరిగ్గా ఇక్కడే భయపడి మరో మూడు నిమిషాలు ఉంచుతారు. వేడెక్కిన పళ్లెం మీద ఐదు నిమిషాలు వదిలేస్తే ఆ మధ్యభాగం తనంతట తానే ఉడుకుతుంది. ఓటీజీ మీద ఉన్న అంకెను పూర్తిగా నమ్మకూడదు. కొన్ని ఓటీజీల్లో లోపలి వేడికీ ఆ అంకెకూ 20 డిగ్రీల తేడా ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. లోపల పెట్టే చిన్న ఉష్ణమాపకం కొనుక్కుంటే ఆ గొడవ తీరుతుంది.

కుకీ వరకు మన గాలిలోని తేమ మనకు అనుకూలమే, అది కుకీని ఎండనివ్వదు. ఐసింగ్ దగ్గరికి వచ్చేసరికి అదే గాలి ఎదురు తిరుగుతుంది.

ఐసింగ్ అంటే పొడి చేసిన పంచదారను కొద్ది ద్రవంలో కలిపిన ముద్ద. అందులోని చక్కెర అంతా కరగదు. కొంత కరిగి పాకంగా మారుతుంది, మిగిలినది సన్నని రవ్వగా దానిలో తేలుతుంది. పాకంలోని నీరు ఆవిరైన కొద్దీ కరిగిన చక్కెర ఆ రవ్వల మీదే పేరుకుని, వాటిని ఒకదానితో ఒకటి బంధిస్తుంది. పైన పలుచని పెచ్చు కట్టడం అంటే ఇదే. ఆవిరి కావాలంటే గాలిలో ఖాళీ ఉండాలి. పంచదార పాకం మీద ఉన్న గాలి ఇప్పటికే 85 శాతం ఆర్ద్రతతో ఉంటే నీరు పోవడానికి చోటు లేదు. శ్రీకాకుళం తీరంలో వానాకాలపు ఉదయాల్లో ఆర్ద్రత 80 శాతం దాటడం మామూలే. ఆ ఐసింగ్‌లో తేనె గానీ బెల్లం గానీ పడితే 70 శాతం దగ్గర కూడా అది జిగురుగానే మిగిలిపోతుంది. కుకీని మెత్తగా ఉంచిన గుణమే ఐసింగ్‌ను ఆరనివ్వదు. మేపుల్ సిరప్‌లో సుక్రోజ్ పాలు ఎక్కువ కాబట్టి, కుకీకి పెద్దగా చేయని సాయాన్ని అది ఐసింగ్‌కు చేస్తుంది. సీసాలో మిగిలింది కొంచెమే అయితే దాన్ని ఐసింగ్‌కు ఉంచి, కుకీలో బెల్లం వాడమని నేను చెప్పేది అందుకే.

మామూలు రోజుల్లో 30 గ్రాముల బటర్, 60 మిల్లీలీటర్ల సిరప్ కలిపి సన్నని సెగ మీద కరిగించి, దించి, అందులో 125 గ్రాముల పంచదార పొడిని జల్లెడ పట్టి, ఉండలు లేకుండా గిలకొడితే చాలు. సుమారు గంటలో పెచ్చు కడుతుంది. వానాకాలంలో ఒక మార్పు అవసరం. సిరప్‌ను ముందుగా విడిగా మరిగించి లేత తీగపాకం వరకు తీసుకురావాలి. అరిసెల పాకం పట్టిన చేతికి ఇది వివరించనక్కరలేదు: చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య సన్నని తీగ సాగి తెగిపోతుంది. అప్పటికి సిరప్‌లోని నీటిలో చెప్పుకోదగ్గ భాగం పొయ్యి మీదే పోయి ఉంటుంది కనుక గాలి చేయాల్సిన పని తగ్గుతుంది. ఆ పాకంలో బటర్, పొడి వేసి వెంటనే పూయాలి. ఆలస్యం చేస్తే గిన్నెలోనే గట్టిపడుతుంది. అలా గట్టిపడితే ఒక చెంచా వేడి పాలు పోసి కలపవచ్చు. పంచదారను ఇంట్లోనే మిక్సీలో పొడి చేసుకున్నప్పుడు దానికి ఒక టీ చెంచా కార్న్‌ఫ్లోర్ కలపడం మంచిది. కొనే ఐసింగ్ షుగర్‌లో చాలావరకు అది ముందే కలిసి ఉంటుంది.

వేసవిలో వచ్చే ఇబ్బంది వేరు. అప్పుడు నీరు ఆవిరైనా ఐసింగ్‌లోని బటర్ గడ్డకట్టదు. 30 గ్రాముల బటర్‌ను 15కు తగ్గించి, పొడి కొంచెం పెంచుకోవాలి. ఏ కాలంలోనైనా కుకీలు పూర్తిగా చల్లారాకే పూత వేయాలి. వెచ్చని కుకీ నుంచి పైకి వచ్చే ఆవిరి నేరుగా ఐసింగ్‌లోకే చేరుతుంది.

పూసిన కుకీలను ఆరబెట్టడానికి ఫ్రిజ్ పనికిరాదు. లోపల ఉన్నంతసేపు బాగానే ఉంటాయి; బయటికి తీయగానే మన గాలిలోని తేమ ఆ చల్లని ఉపరితలం మీద నీటి బిందువులుగా పట్టి, కట్టిన పెచ్చు కరుగుతుంది. ఎ.సి. ఉన్న గదిలో జాలీ మీద ఒక గంట ఉంచడం మేలు, ఎందుకంటే ఎ.సి. గాలిని చల్లబరచడంతో పాటు దానిలోని నీటిని కూడా తీసేస్తుంది. వంటింటి కన్నా పడకగదిలో కుకీలు త్వరగా ఆరడం చూసి ఇంట్లో వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

సిరప్ అసలే లేని ఇంటి సంగతి. కుకీలో 80 మిల్లీలీటర్ల సిరప్‌కు బదులుగా 75 గ్రాముల బెల్లాన్ని 35 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి వడగట్టాలి. అర టీ చెంచా మెంతులను దోరగా, రంగు మారీ మారకముందే దించేటట్లు వేయించి, పొడి చేయకుండా ఆ వేడి పాకంలో ఐదు నిమిషాలు నాననిచ్చి తీసెయ్యాలి. పొడి చేస్తే చేదు దిగుతుంది; ఎక్కువసేపు ఉంచితే మేపుల్ పోయి మెంతి పులుసు జ్ఞాపకం వస్తుంది. బ్రౌన్ షుగర్ స్థానంలో 80 గ్రాముల పంచదార, 40 గ్రాముల బెల్లం పొడి వేసుకోవచ్చు. మొత్తం బెల్లమే వేస్తే పిండి పరుచుకుంటుంది, రంగు కూడా నల్లబడుతుంది. తాటి బెల్లానికి మేపుల్ వాసనతో చుట్టరికం ఎక్కువ, కానీ కుండకు పూసిన సున్నం జాడ అందులో మిగిలి ఉంటే ఆమ్లత్వం తగ్గి సోడా పూర్తిగా పని చేయదు. నాలుకకు సబ్బు రుచి తగులుతుంది. దాన్ని వాడినప్పుడు సోడాను పావు టీ చెంచాకు తగ్గించి, ఒక టీ చెంచా బేకింగ్ పౌడర్ చేర్చాలి. ఐసింగ్‌లో మాత్రం బెల్లం పాలు ఒక పెద్ద చెంచా దాటకూడదు. మిగిలిన తీపి పంచదారదే కావాలి.

పై అలంకరణకు కెనడాలో పీకన్లు, వాల్‌నట్లు చల్లుతారు. పలాస జీడిపప్పు పక్కనే ఉండగా వాటి కోసం వెతకడం అనవసరం. గుండు పప్పు అక్కరలేదు, చవకగా దొరికే ముక్క చాలు. 150 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు వేయించి, చల్లార్చి, ఐసింగ్ పచ్చిగా ఉన్నప్పుడే చల్లాలి.

పూత పూర్తిగా గట్టిపడ్డాక గాలి చొరని డబ్బాలో, వరుసకూ వరుసకూ మధ్య బటర్ పేపర్ పరిచి సర్దుకుంటే మూడు నాలుగు రోజులు నిలవ ఉంటాయి. రెండో రోజు నుంచి కుకీలోని తేమ నెమ్మదిగా పైకి ఎక్కి ఐసింగ్ కాస్త మెత్తబడుతుంది. దూరం పంపవలసి వస్తే కుకీలను పూత లేకుండానే డబ్బాలో పెట్టి, పంచదార పొడిని వేరే పొట్లంలో, సిరప్‌ను చిన్న సీసాలో పంపడం మంచిది. అక్కడ ఐదు నిమిషాల్లో కలిపి పూసుకోవచ్చు.